మిశ్రలోహం పేరొక్కటే చాలదు, దాన్ని తయారుచేసిన తీరు కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మీ సాంకేతిక విజ్ఞాన పేజీలో తేలిక లోహాలపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. విమానాల్లోనూ వాహనాల్లోనూ అల్యూమినియం, మెగ్నీషియం, టైటానియం మిశ్రలోహాల వాడకం ఎందుకు పెరుగుతోందో అందులో చక్కగా వివరించారు. సాంద్రతల అంకెలు కూడా సరిగానే ఉన్నాయి: ఘన సెంటీమీటరుకు మెగ్నీషియం 1.74 గ్రాములు, అల్యూమినియం 2.7, టైటానియం 4.5, ఉక్కు 7.85. అయితే వ్యాసం చివర ఇచ్చిన పట్టికలో ఒక్కో మిశ్రలోహం ఎదుట బలానికి ఒక్కో అంకె వేసి ఊరుకున్నారు. నా అభ్యంతరమంతా ఆ పట్టిక మీదే.

జింకు, మెగ్నీషియం, రాగి కలిసిన 7075 రకం అల్యూమినియాన్ని తీసుకోండి. పూర్తిగా మెత్తబరిచిన స్థితిలో అది సుమారు 103 మెగాపాస్కల్స్ ప్రతిబలం (వైశాల్యంపై పడే బలం) దగ్గరే శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది. అదే దిమ్మ నుంచి కోసిన పక్క ముక్కను తగిన ఉష్ణచికిత్సతో టీ6 అనే స్థితికి తెస్తే ఆ అంకె 500కు చేరుతుంది. రెండు ముక్కలనూ రసాయన విశ్లేషణకు పంపితే ఫలితాల్లో తేడా కనిపించదు. పిండి కొద్దీ రొట్టె అన్న సామెత తేలిక లోహాల విషయంలో సగమే నిజం. మీ పట్టికలో 7075 ఎదుట ఉన్నది టీ6 అంకె. ఆ మాట పట్టికలో ఎక్కడా లేదు కనుక, 7075 అని ముద్ర ఉన్న ఏ కడ్డీకైనా అంత బలం ఉంటుందని పాఠకుడు అనుకుంటే తప్పు అతనిది కాదు.

ఈ అయిదు రెట్ల తేడా ఎక్కడి నుంచి వస్తుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. లోహం సాగడమంటే దాని స్ఫటికాల్లో డిస్లొకేషన్లు అనే గీతల్లాంటి లోపాలు ఒక తలం మీద జరుగుకుంటూ పోవడం. వాటి దారిలో అడ్డంకులు ఎంత దగ్గర దగ్గరగా ఉంటే లోహం అంత గట్టిగా నిలబడుతుంది. 7075ను సుమారు 480 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి కొంతసేపు ఉంచితే జింకు, మెగ్నీషియం పరమాణువులు అల్యూమినియం స్ఫటికంలో కరిగిపోతాయి. వెంటనే నీటిలో ముంచితే విడిపోవడానికి వ్యవధి లేక అక్కడే చిక్కుబడతాయి. ఆ తరువాత 120 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచినప్పుడు (దీన్నే ఏజింగ్ అంటారు) అవి మెల్లగా ఒకచోట చేరి, నానోమీటర్లలో కొలవవలసినంత చిన్న కణాలుగా, అంటే అవక్షేపాలుగా, లోహమంతటా పరుచుకుంటాయి. మెత్తబరిచిన ముక్కలోనూ అవే పరమాణువులు ఉంటాయి. కాకపోతే అక్కడ అవి పెద్ద పెద్ద ముద్దలుగా, దూరదూరంగా ఉండటం వల్ల డిస్లొకేషన్లకు వాటి మధ్య నుంచి తప్పుకుపోవడం తేలిక.

ఈ సంగతి మొదట బయటపడింది అనుకోకుండానే. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ సుమారు నాలుగు శాతం రాగి, అర శాతం మెగ్నీషియం కలిసిన అల్యూమినియాన్ని వేడిచేసి నీటిలో ముంచి కాఠిన్యం కొలిస్తే ఆశించినంత రాలేదు. వారాంతం గడిచాక మళ్లీ కొలిస్తే, ఎవరూ ఏమీ చేయకుండానే, అంకె బాగా పెరిగి ఉంది. ఆ లోహమే డ్యురాలుమిన్. దాని బలానికి కారణం అవక్షేపాలేనన్న వివరణ 1919లో అమెరికాలో మెరికా బృందం నుంచి వచ్చింది. ఆ వివరణకు ఎక్స్‌రేల ద్వారా ఆధారం 1938లో గానీ దొరకలేదు. ఫ్రాన్సులో గినియే, బ్రిటన్‌లో ప్రెస్టన్ విడివిడిగా పనిచేసి ఒకే ఏడాది దాన్ని చూపించారు. అంటే మూడు దశాబ్దాల పాటు పరిశ్రమ ఒక సూక్ష్మ నిర్మాణాన్ని కళ్లారా చూడకుండానే, కేవలం ప్రక్రియను క్రమశిక్షణతో పాటించి తయారు చేసుకుంది. ప్రక్రియకు ఉన్న ప్రాధాన్యానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆ క్రమశిక్షణ ఎంత ఇరుకైనదో బయటివారికి తెలియదు. 2024 రకం అల్యూమినియాన్ని సుమారు 495 డిగ్రీల దగ్గర వేడిచేయాలి. 502 డిగ్రీల సమీపంలో దానిలోని చిన్న చిన్న స్ఫటికాల, అంటే రేణువుల, సరిహద్దులు కరగడం మొదలవుతుంది. అలా ఒకసారి కరిగిన ముక్క ఇక పనికిరాదు, ఏ చికిత్సా దాన్ని బాగుచేయలేదు. కొలిమిలో ఒక మూల పది డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే చాలు, ఆ మూలన ఉన్న ముక్కలు చెడిపోతాయి. తలుపు తెరిచిన క్షణం నుంచి ముక్క పూర్తిగా నీటిలో మునిగే దాకా పట్టే సమయం కూడా సెకన్లలో లెక్క. పలుచని రేకులకైతే అయిదు నుంచి పది సెకన్లకు మించి ఇవ్వరు. 400 నుంచి 290 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రతను లోహం ఎంత త్వరగా దాటితే అంత మంచిది. అక్కడ తాత్సారం జరిగితే కరిగి ఉన్న పరమాణువులు రేణువుల సరిహద్దుల మీద ముతక అవక్షేపాలుగా పేరుకుని, తరువాత ఏజింగ్‌కు సరుకు మిగలదు. మందపాటి పలకల్లో నడి భాగం ఎలాగూ నెమ్మదిగానే చల్లబడుతుంది కనుక ఒకే పలకలో పై పొరకూ నడిమికీ బలం తేడా ఉంటుంది. పట్టికలో ఉన్న ఒక్క అంకె ఈ రెంటిలో దేనిది?

నీటిలో ముంచడం వల్ల లోహంలో అంతర్గత ప్రతిబలాలు కూడా మిగిలిపోతాయి. వాటిని వదిలించకుండా ఒకవైపు నుంచి యంత్రంతో చెక్కితే మిగిలిన భాగం దానంతట అదే వంకర పోతుంది. అందుకని పలకను ముంచిన తరువాత రెండు కొసలూ పట్టి ఒకటిన్నర నుంచి మూడు శాతం దాకా సాగదీస్తారు. టీ6 పక్కన 51 చేర్చి టీ651 అని రాయడంలో ఉన్న అర్థం అదే. మామూలు చదువరికి అది అచ్చుతప్పులా కనిపించవచ్చు గానీ చెక్కేవాడికి అది చాలా ముఖ్యమైన సమాచారం. అలాగే 2024 రివెట్లను వేడిచేసి నీటిలో ముంచాక పది ఇరవై నిమిషాల్లో బిగించాలి, లేకుంటే సున్నా కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో శీతల పెట్టెలో దాచాలి. గది ఉష్ణోగ్రతలో వదిలేస్తే అవి గట్టిపడుతూ పోయి, సుత్తి దెబ్బకు తల విచ్చుకునే బదులు పగులుతాయి.

బలం ఒక్కటే చూసి మురిసిపోవడం ఎంత ప్రమాదమో కూడా 7075 చరిత్రే చెబుతుంది. టీ6 స్థితిలో దానికి గరిష్ఠ బలం ఉన్న మాట నిజమే. కానీ తేమగాలిలో, ముఖ్యంగా ఉప్పు తగిలే చోట, మందపాటి భాగాలపై అడ్డంగా లాగుడు పడుతూ ఉంటే రేణువుల సరిహద్దుల వెంట పగుళ్లు పాకుతాయి. దీనికి విరుగుడుగా ఇంజనీర్లు ఏజింగ్‌ను కావాలనే హద్దు దాటించారు. రెండు దశల్లో ఎక్కువ వేడి మీద ఉంచి అవక్షేపాలను కొంచెం పెద్దవి కానిస్తే వచ్చేదే టీ73 స్థితి. బలంలో పది నుంచి పదిహేను శాతం పోతుంది, పగుళ్ల బెడద చాలావరకు తగ్గుతుంది. ఈ రెండింటిలో ఏది మేలన్న ప్రశ్నకు పట్టిక సమాధానం చెప్పలేదు. ఆ భాగం ఎక్కడ, ఏ దిశలో, ఎలాంటి వాతావరణంలో పనిచేస్తుందో తెలిసినవాడే చెప్పగలడు.

ఇక్కడ పరీక్షలకు సంబంధించిన ఒక చిన్న మెలిక ఉంది. ఏజింగ్ సమయం పెరిగేకొద్దీ కాఠిన్యం పెరిగి, శిఖరాన్ని తాకి, మళ్లీ తగ్గుతుంది. కాబట్టి ఒక కాఠిన్యం అంకె దొరికినంత మాత్రాన ముక్క శిఖరానికి ఇవతల ఉందో అవతల ఉందో తేలదు. విద్యుత్ వాహకత మాత్రం ఏజింగ్ హద్దు దాటేకొద్దీ పెరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే కరిగి ఉన్న పరమాణువులు స్ఫటికం నుంచి బయటికి వచ్చేకొద్దీ ఎలక్ట్రాన్ల దారి సుగమమవుతుంది. టీ6 స్థితిలో 7075 వాహకత ప్రామాణిక రాగిలో దాదాపు 33 శాతం ఉంటే, టీ73కి కనీసం 38 శాతం ఉండాలంటారు. కాఠిన్యం, వాహకత రెండూ కలిపి చూస్తే, ముక్కను విరగ్గొట్టకుండానే దాని చరిత్ర చాలావరకు తెలిసిపోతుంది. సరుకుతో వచ్చిన కాగితంలో రసాయన విశ్లేషణ ఒక్కటే ఉండి, ఈ రెండు అంకెలూ లేకపోతే ఆ కాగితానికి పెద్ద విలువ ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ఇంతవరకు చెప్పినది సాగగొట్టిన లోహం సంగతి. పోత సరుకులో అనిశ్చితి ఇంకా ఎక్కువ, మీ వ్యాసం దాన్ని ఒక్క వాక్యంతో దాటేసింది. వాహనాల చక్రాలకు విరివిగా వాడే ఏ356 రకం పోత అల్యూమినియంలో ఏడు శాతం సిలికాన్, 0.3 శాతం మెగ్నీషియం ఉంటాయి. దాన్ని ఏ మందూ వేయకుండా పోస్తే సిలికాన్ పదునైన పలకలుగా ఏర్పడి, లాగినప్పుడు ఆ పలకల అంచుల దగ్గరే పగులు మొదలవుతుంది. కరిగిన లోహంలో కొద్దిపాటి సోడియం కలిపితే ఆ పలకలు పగడపు కొమ్మల్లాంటి సన్నని పోగులుగా మారతాయని 1920 ప్రాంతంలో అలడార్ పాచ్ కనిపెట్టాడు. ఇప్పుడు ఆ పనికి ఎక్కువగా స్ట్రాన్షియం వాడుతున్నారు, అదీ 0.01 నుంచి 0.02 శాతం మాత్రమే. ఇక గడ్డకట్టే వేగం సంగతి. లోహం గడ్డకట్టేటప్పుడు చెట్టు కొమ్మల్లా పెరిగే డెండ్రైట్ల మధ్య దూరం, గడ్డకట్టడానికి పట్టిన కాలపు ఘనమూలాన్ని దాదాపుగా అనుసరిస్తుంది. చల్లని ఇనుప అచ్చుకు ఆనుకున్న పలుచని భాగంలో ఆ దూరం ఇరవై ముప్ఫై మైక్రాన్లు ఉంటే, ఇసుక అచ్చులో మందపాటి భాగంలో అది మూడు నాలుగు రెట్లు కావచ్చు. దాంతో పాటే తెగే ముందు లోహం సాగే శాతం పదికి పైనుంచి రెండు మూడుకు పడిపోగలదు. ఒకే చక్రంలో, ఒకే పోతలో, ఒక చోటికీ మరో చోటికీ ఇంత తేడా రావచ్చు.

హైడ్రోజన్ సంగతి కూడా చెప్పాలి. అల్యూమినియం ద్రవంగా ఉన్నప్పుడు ఇముడ్చుకోగలిగిన హైడ్రోజన్‌లో ఇరవయ్యో వంతు మాత్రమే గడ్డకట్టాక ఇముడ్చుకోగలదు. మిగిలినది బుడగలుగా అక్కడే చిక్కుకుంటుంది. ఆ హైడ్రోజన్ వచ్చేది తేమ నుంచి: గాలిలో తేమ, ఆరని పనిముట్లు, తడిసిన తుక్కు. పోసేటప్పుడు లోహం చిందులు తొక్కుతూ అచ్చులోకి దూకితే పైన ఏర్పడిన ఆక్సైడ్ పొర మడత పడి లోపలికి పోతుంది. మడత పడిన రెండు పొరలూ ఒకదానికొకటి అతుక్కోవు కనుక అది పుట్టుకతోనే ఉన్న పగులు. లోహం అచ్చులోకి ప్రవేశించే వేగం సెకనుకు అర మీటరు దాటకూడదన్న నియమం ఇందుకే వచ్చింది. భారం పదేపదే పడటం వల్ల కలిగే అలసటతో విరిగిన పోత భాగాల్లో పగులు ఎక్కడ మొదలైందో సూక్ష్మదర్శినిలో చూస్తే, చాలాసార్లు అక్కడ కనిపించేది ఉపరితలానికి దగ్గరగా ఉన్న ఒక రంధ్రమో, ఒక ఆక్సైడ్ మడతో. రసాయన సమ్మేళనం తప్పి విరిగినవి అరుదు. అందుకే విడిగా పోసిన పరీక్ష కడ్డీ ఫలితాన్ని అసలు భాగానికి అంటగట్టడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. కడ్డీని భాగంలోనే, ఎక్కువ భారం పడే చోటు నుంచి కోసి పరీక్షించాలి.

వెల్డింగ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 310 మెగాపాస్కల్స్ దగ్గర తెగే 6061 రకం అల్యూమినియం టీ6 పలకలను మామూలుగా వెల్డ్ చేస్తే, అతుకు పక్కనున్న లోహం మళ్లీ వేడెక్కి అవక్షేపాలు ముతకబారి, బలం సగానికి కొంచెం పైన మాత్రమే మిగులుతుంది. మొత్తం నిర్మాణానికి తిరిగి ఉష్ణచికిత్స చేయకుండా, డిజైన్‌లో 310 అంకె వేసుకోవడం కుదరదు.

మెగ్నీషియంలో మరో రకం చిక్కు ఉంది. దాని స్ఫటికం షడ్భుజాకారపు దొంతర. గది ఉష్ణోగ్రతలో డిస్లొకేషన్లు ఆ షడ్భుజానికి అడుగున ఉండే ఒక్క తలం మీదే తేలికగా జరుగుతాయి. రోలింగ్ చేసినా, అచ్చు రంధ్రం గుండా ఎక్స్‌ట్రూజన్ చేసినా రేణువులన్నీ ఒకే వాలుకు తిరిగి నిలబడతాయి. ఫలితంగా, ఎక్స్‌ట్రూడ్ చేసిన ఏజెడ్31 రకం మెగ్నీషియం కడ్డీని పొడవునా లాగితే సుమారు 200 మెగాపాస్కల్స్ దాకా ఓర్చుకునేది, అదే దిశలో నొక్కితే దాదాపు సగానికే లొంగిపోతుంది. నొక్కినప్పుడు స్ఫటికం ట్వినింగ్ అనే పద్ధతిలో ఒక్కసారిగా వాలు మార్చుకోగలదు, లాగినప్పుడు అలా మార్చుకోలేదు. ఒక దూలం వంగినప్పుడు ఒక పక్క సాగుతుంది, మరో పక్క నలుగుతుంది కదా! మీ పట్టికలో ఉన్నది లాగుడు బలం మాత్రమే. అరుదైన మృత్తికా మూలకాలను కొద్దిగా కలిపో, రోలింగ్ ఉష్ణోగ్రతను మార్చో ఈ ఒకే వాలు పట్టును సడలించే పద్ధతులు వచ్చాయి. మెగ్నీషియం రేకును 200 డిగ్రీల పైన వేడి మీద ఒత్తితే ఇతర తలాలు కూడా జరగడం మొదలై, పగలకుండా ఆకారం తీసుకుంటుంది.

టైటానియం దగ్గరికి వస్తే విషయం ప్రాణాలతో ముడిపడి ఉంది. ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వనేడియం కలిసిన రకం ఎక్కువ వాడకంలో ఉంది. సుమారు 995 డిగ్రీల పైన దాని స్ఫటిక నిర్మాణం పూర్తిగా మారిపోతుంది. ఆ గీతకు పైన ఫోర్జింగ్ (వేడి మీద కొట్టి రూపుదిద్దడం) చేసి చల్లబరిస్తే పొరలు పొరలుగా ఉండే నిర్మాణం వస్తుంది, అందులో పగులు వంకర టింకరగా, నెమ్మదిగా నడుస్తుంది. గీతకు కింద ఫోర్జింగ్ చేస్తే గుండ్రని చిన్న రేణువులు ఏర్పడతాయి, అందులో పగులు పుట్టడమే కష్టం. పగులు పుట్టకుండా ఉండటం, పుట్టినా పాకకుండా ఉండటం రెండూ ఒకే నిర్మాణంలో నూటికి నూరుపాళ్లు దొరకవు.

1989 జులై 19న అమెరికాలోని సూ సిటీలో యునైటెడ్ 232 విమానం కూలి 110 మందికి పైగా మరణించారు. తోక దగ్గరి ఇంజన్‌లో టైటానియం ఫ్యాన్ డిస్క్ ఎగిరిపోయి హైడ్రాలిక్ వ్యవస్థలన్నింటినీ తెంపేసింది. డిస్క్‌లో పగులు మొదలైన చోట, లోహాన్ని కరిగించే దశలోనే నైట్రోజన్ చేరి ఏర్పడిన ఒక గట్టి, పెళుసైన మచ్చ ఉన్నట్టు దర్యాప్తులో తేలింది. తనిఖీల్లో ఆ పగులు ఎవరి కంటా పడలేదు. మిశ్రలోహం ఎంపికలో తప్పు లేదు, లోపం కరిగించిన తీరులో ఉంది. నిర్వాతంలో మూడుసార్లు కరిగించడం, వెడల్పాటి చల్లని తొట్టెలో కరిగించి బరువైన మలినాలను అడుగుకు దించడం వంటి పద్ధతులకు పరిశ్రమ ప్రాముఖ్యం ఇవ్వడం వెనుక ఇలాంటి అనుభవాలే ఉన్నాయి.

2017 సెప్టెంబర్ 30న గ్రీన్‌లాండ్ మీదుగా పోతున్న ఎయిర్ ఫ్రాన్స్ ఏ380 ఇంజన్లలో ఒకదాని ఫ్యాన్ హబ్ (ఫ్యాన్ రెక్కలను పట్టి ఉంచే టైటానియం నడి భాగం) విడిపోయింది. విమానం కెనడాలో క్షేమంగా దిగింది. మంచులో కూరుకుపోయిన హబ్ ముక్కను 2019లో వెలికితీసి చూస్తే, ఈసారి మలినం లేదు, రంధ్రం లేదు. ఫోర్జింగ్‌లో లోహ నిర్మాణం సరిగా చిన్న రేణువులుగా విడిపోని ప్రాంతంలో ఇరుగుపొరుగు రేణువులన్నీ దాదాపు ఒకే దిశకు తిరిగి ఉండి, అంతా కలిసి ఒక పెద్ద రేణువులా ప్రవర్తించాయి. టేకాఫ్ సమయంలో భారం కొంతసేపు నిలకడగా ఉన్న ప్రతిసారీ ఆ చోట కొంత నష్టం పేరుకుని, ఉపరితలానికి లోపలే పగులు పుట్టింది. రసాయన విశ్లేషణకు గానీ, మామూలు లాగుడు పరీక్షకు గానీ ఇలాంటిది దొరకదు.

మీ వ్యాసం త్రీడీ ముద్రణను ఈ సమస్యలన్నిటికీ మందుగా చెప్పింది. నాకు ఆ ఉత్సాహం లేదు. లేజర్ కింద లోహపు పొడి కరిగి సెకనుకు లక్షల డిగ్రీల వేగంతో చల్లబడుతుంది. టైటానియం ఆ వేగానికి సూదుల్లాంటి గట్టి నిర్మాణం సంతరించుకుని బలంగా ఉంటుంది, కానీ తక్కువ సాగుతుంది. పైగా రేణువులు కింది నుంచి పైకి నిలువు స్తంభాల్లా పెరగడం వల్ల నిలువుకూ అడ్డానికీ గుణాలు మారతాయి. లోపలి రంధ్రాలను మూయడానికి 920 డిగ్రీల దగ్గర, సుమారు 100 మెగాపాస్కల్స్ వాయుపీడనంలో మళ్లీ ఉంచాలి. 7075 అయితే మామూలు పద్ధతిలో ముద్రిస్తే గడ్డకట్టేటప్పుడే పగుళ్లిచ్చేది. పొడికి జిర్కోనియం నానోకణాలు అంటించి, వాటి మీద చిన్న రేణువులు మొలిచేలా చేసి ఆ పగుళ్లను ఆపవచ్చని 2017లో పరిశోధకులు చూపారు. ముద్రణ కూడా ఒక ప్రక్రియే, దానికీ తన లోపాలు తనకున్నాయి.

ప్రక్రియతో మారనిదేమిటో కూడా చెప్పకపోతే ఈ ఉత్తరం ఒకవైపే చెప్పినట్టవుతుంది. యంగ్ గుణకం, అంటే భారానికి లోహం ఎంత వంగుతుందో నిర్ణయించేది, అల్యూమినియంలో మెత్తని స్థితిలోనైనా టీ6లోనైనా 70 గిగాపాస్కల్స్ దరిదాపుల్లోనే ఉంటుంది. మెగ్నీషియానికి 45, టైటానియానికి 110, ఉక్కుకు 200. ప్రత్యేక ఉష్ణచికిత్స వల్ల తమ అల్యూమినియం చట్రం తక్కువ వంగుతుందని ఎవరైనా ప్రకటించుకుంటే అది నిజం కాదు. విరగకుండా ఎక్కువ ఓర్చుకుంటుందని చెబితే నమ్మవచ్చు. మీ వ్యాసంలో ఈ రెండు గుణాలూ ఒకే పేరాలో కలిసిపోయాయి.

ఆ పట్టికను మళ్లీ ప్రచురించే అవకాశం ఉంటే, ప్రతి మిశ్రలోహం పక్కన టెంపర్ స్థితి (టీ6, టీ73 లాంటివి), తయారీ పద్ధతి, పరీక్ష ముక్కను ఏ దిశలో కోశారన్నది చేర్చండి. మెగ్నీషియానికి నొక్కుడు బలం, పోత రకాలకు సాగే శాతం కూడా ఇవ్వండి. స్థలం చాలకపోతే మిశ్రలోహాల సంఖ్యను సగానికి తగ్గించినా ఫరవాలేదు.

భవదీయుడు,
లోహపరీక్షల రంగంలో పనిచేసే ఒక పాఠకుడు